మేస్త్రీ అనుభవమూ సిమెంటు బస్తా లెక్కా

గోడలో మిగిలిపోయే వృథా

నిర్మాణ స్థలానికి చేరిన ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుములలో కొంత భాగం కట్టడంలో కలవకుండానే పోతుందన్నది ఇల్లు కట్టించినవారందరికీ తెలిసిన విషయమే అయినా, అది ఎంత పోతున్నది, ఏ దశలో పోతున్నది, ఎవరి చేతిలో పోతున్నది అన్న ప్రశ్నలను తూచి, కొలిచి పరిశీలించడం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో గాని గట్టిగా మొదలుకాలేదు. బ్రిటన్‌లోని భవన పరిశోధన సంస్థలో పనిచేసిన ఈ.ఆర్. స్కోయిల్స్ ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఒకడు. ఆయన వృథాను రెండు రకాలుగా విడదీసి చూశాడు. విరిగిపోయి, ఒలికిపోయి, గడ్డకట్టి, దొంగల పాలై తిరిగి వాడుకోవడానికి వీలులేకుండా పోయేది ప్రత్యక్ష వృథా. కట్టడంలోనే ఉండిపోయినా, నక్షా ప్రకారం అవసరమైనదానికంటే ఎక్కువగా గాని, అవసరమైనదానికంటే ఖరీదైన రూపంలో గాని వాడినందువల్ల యజమానికి దండగయ్యేది పరోక్ష వృథా. మొదటిది చెత్తకుప్పలో కనిపిస్తుంది. రెండోది గోడలో కలిసిపోయి ఎవరి కంటికీ ఆనదు.

నెదర్లాండ్స్‌లో బాసింక్, బ్రావర్స్ అనే పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో, నిర్మాణానికి కొన్న సామగ్రి మొత్తంలో బరువు లెక్కన సగటున 9 శాతం చెత్తగా స్థలం దాటిపోయిందని తేలింది. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ టైఫాక్ 2001లో వేసిన అంచనా ప్రకారం, కొత్తగా కట్టే ప్రతి చదరపు మీటరు నిర్మాణానికి 40 నుంచి 60 కిలోల చెత్త పుడుతుంది. అంటే నూరు చదరపు మీటర్ల ఇంటికి నాలుగు నుంచి ఆరు టన్నులు. హైదరాబాదులో ఇలాంటి చెత్తను నలగగొట్టి మళ్ళీ వాడకానికి తెచ్చే కేంద్రాలు జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ వెలిశాయి గాని, అవి స్వీకరించేది బండెక్కిన చెత్తను మాత్రమే. గోడ మీద ఉండిపోయిన దండగను తూచడానికి ఏ కాటా పనికిరాదు.

ఆ దండగ ఎలా పుడుతుందో చూడాలంటే ఇటుక గోడ దగ్గర మొదలుపెట్టాలి. గోడకు నున్నగా ఉన్న వైపు 12 మిల్లీమీటర్ల మందాన సిమెంటు పూత పూయడం మామూలు పద్ధతి. గోడ నిట్టనిలువుగా లేవకుండా ఒక చోట లోపలికి, మరో చోట బయటికి ఒరిగినప్పుడు, ఆ వంకరను కప్పిపుచ్చడానికి ప్లాస్టరింగు మేస్త్రీ పూత మందం పెంచక తప్పదు. సగటు మందం 20 మిల్లీమీటర్లకు చేరిందనుకుంటే, నూరు చదరపు మీటర్ల గోడకు అదనంగా పట్టే తడి మాలు 0.8 ఘనపు మీటరు. నీళ్ళు కలిపినప్పుడు పొడి మిశ్రమం కుంగుతుంది కనుక దానికి కావలసిన పొడి సరుకు ఒక ఘనపు మీటరు దాటుతుంది. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఇసుక చొప్పున కలిపే మాలులో అది నాలుగు బస్తాల పైచిలుకు సిమెంటు. మూడు పడకగదుల ఫ్లాటులో పూత పడే గోడల వైశాల్యం నూరు చదరపు మీటర్లను ఎప్పుడో దాటిపోతుంది.

ఈ బస్తాలు ప్లాస్టరింగు ఖాతాలో ఖర్చు రాయించుకుంటాయి. తప్పు మాత్రం కొన్ని వారాల కిందట గోడ కట్టి, కూలి లెక్క తేల్చుకొని, వేరే స్థలానికి వెళ్ళిపోయిన ఇటుక మేస్త్రీది. అనుభవానికీ వృథాకూ ఉన్న సంబంధమంతా ఈ ఎడంలోనే ఉన్నదని చెప్పవచ్చు. నిర్మాణంలో ఒక దశలో జరిగిన పొరపాటు ఇంకొక దశలో సామగ్రిని మింగుతుంది. కాబట్టి నిజమైన అనుభవం తన పనిని చక్కగా చేయడంతో ఆగదు, తన తరువాత వచ్చేవాడి పని ఎలా ఉంటుందో ముందుగానే చూడగలుగుతుంది. గోడ మధ్యలోంచి కరెంటు పైపు దిగాలని తెలిసిన మేస్త్రీ ఆ వరసల దగ్గర సందు వదిలి కడతాడు. తెలియనివాడు గోడ నిండుగా కట్టేస్తాడు, ఆ తరువాత ఎలక్ట్రీషియను వచ్చి దాన్ని చెక్కుతాడు, చెక్కిన గాడి పూడ్చడానికి మళ్ళీ మాలు కావాలి.

చేతికి తెలిసినది

చేతి నైపుణ్యం వల్ల మిగిలే సామగ్రి తక్కువేమీ కాదు. పూత పని చేసే మేస్త్రీ తాపీతో మాలు తీసి మణికట్టు విసురుతో గోడకు కొట్టినప్పుడు అందులో కొంత గోడను పట్టుకోకుండా తిరిగి రాలుతుంది. రాలే పరిమాణం మాలు చిక్కదనం మీద, ఇసుక సన్నదనం మీద, గోడ తడి మీద, విసిరే దూరం మీద ఆధారపడుతుంది. ఎండిన ఇటుక గోడ మాలులోని నీటిని ఒక్కసారిగా పీల్చేసుకుంటుంది కనుక మాలు పట్టు దొరకకముందే పెళుసుబారి జారుతుంది. మరీ తడిసి నీరు కారుతున్న గోడ మీద పల్చని పొర ఏర్పడి అదీ జారుస్తుంది. అనుభవం ఉన్న మేస్త్రీ గోడకు అరచేయి ఆనించి చూసి, నీళ్ళు చల్లాలా, కాసేపు ఆరనివ్వాలా అన్నది నిర్ణయించుకుంటాడు. గోడ మొదట్లో గోనెపట్టాగాని ప్లాస్టిక్ పట్టాగాని పరిచి, రాలిన మాలును మట్టి అంటకుండా ఎత్తి వెంటనే వాడేస్తాడు. ఇందులో వెంటనే అన్నదే ముఖ్యం. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటుకు తొలి గట్టిదనం 30 నిమిషాలకు ముందు రాకూడదు. అది వచ్చాక, అంటే సిమెంటు రేణువులు నీటితో కలిసి అల్లుకోవడం మొదలయ్యాక, మాలును మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే మెత్తబడినట్టు కనిపిస్తుంది గాని ఆ అల్లిక తెగిపోయి బలం పోతుంది. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక బస్తా మాలు కలిపించడం, వచ్చాక బిరుసెక్కిన ఆ మాలులో నీళ్ళు పోయించడం కొత్త మేస్త్రీల పనిలో తరచూ కనిపించే అలవాటు. పారబోస్తే అది ప్రత్యక్ష వృథా. వాడితే కొన్నేళ్ళకు పెచ్చులూడే గోడ.

మాలు చిక్కదనం ఇంత ముఖ్యమైనప్పుడు, దాన్ని కలిపే చేయి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. తెలుగునాట నిర్మాణ స్థలాలలో ఇసుక జల్లించడం, మాలు కలపడం, తట్టలతో అందించడం చాలావరకు మహిళా కూలీలు చేసే పని. మాలులో నీళ్ళు ఎప్పుడు ఆపాలో, మేస్త్రీ చేతి వేగానికి తగ్గట్టు ఎంత మాలు సిద్ధంగా ఉండాలో వారికి ఏళ్ళ తరబడి పట్టుబడిన విద్య. అయినా కూలి రేట్ల పట్టికలో వారు నైపుణ్యం లేని శ్రామికుల వరసలోనే ఉంటారు, ఎన్ని సంవత్సరాలు పనిచేసినా తాపీ చేతికి రావడం అరుదు. వృథా తగ్గించే అనుభవాన్ని గురించి రాసిన పుస్తకాలలో ఎక్కువ భాగం మేస్త్రీ దగ్గరే ఆగిపోవడం ఈ రంగపు చూపులో ఉన్న పెద్ద లోపం.

పన్నెండు మీటర్ల రాడ్డు

ఇనుము దగ్గరికి వచ్చేసరికి అనుభవం చేతిలోంచి బుర్రలోకి మారుతుంది. నిర్మాణానికి వాడే ఉక్కు కడ్డీలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి. స్తంభాలకు, దూలాలకు, స్లాబుకు కావలసిన ముక్కలు మాత్రం నక్షాను బట్టి రకరకాల పొడవుల్లో ఉంటాయి. పెద్ద పొడవుల నుంచి చిన్న పొడవులను తక్కువ తునకలు మిగిలేలా కోయడం గణితశాస్త్రంలో పేరున్న సమస్య. సోవియట్ గణితవేత్త లియొనిద్ కాంటరోవిచ్ లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ పరిశ్రమవారు తెచ్చిన ఒక ప్రశ్నతో మొదలుపెట్టి, 1939లో ప్రచురించిన పుస్తకంలో ఈ కోవకు చెందిన సమస్యలకు పరిష్కార మార్గం చూపాడు. వనరులను సరిగ్గా పంచడంపై చేసిన కృషికి 1975లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కోత సమస్యను కంప్యూటరు మీద సాధించే పద్ధతిని గిల్మోర్, గోమొరీ 1961లో అందించారు. ముక్కల రకాలు పెరిగేకొద్దీ కోసే పద్ధతుల సంఖ్య విపరీతంగా పెరిగిపోవడం ఈ సమస్య స్వభావం.

బార్ బెండింగ్ మేస్త్రీ ఇదే సమస్యను నేల మీద సుద్దతో సాధిస్తాడు. ఒక అంతస్తుకు 16 మిల్లీమీటర్ల కడ్డీలో 5 మీటర్ల ముక్కలు ఇరవై, 3.5 మీటర్ల ముక్కలు నలభై కావాలని అనుకోవచ్చు. పట్టికలో ఉన్న వరసనే పట్టుకొని కోసేవాడు ముందు 5 మీటర్ల ముక్కలన్నీ కోస్తాడు: కడ్డీకి రెండేసి చొప్పున పది కడ్డీలు ఖర్చవుతాయి, ఒక్కోదాని చివర 2 మీటర్ల తునక మిగులుతుంది. ఆ తరువాత 3.5 మీటర్ల ముక్కలు కడ్డీకి మూడేసి వస్తాయి, 1.5 మీటర్ల తునకలు మిగులుతాయి. నలభయ్యో ముక్క కోసం పద్నాలుగో కడ్డీని తెరవాలి. మొత్తం 24 కడ్డీలు. రెండు పొడవులనూ పక్కపక్కన పెట్టుకొని చూసేవాడికి మాత్రం ఒక 5, రెండు 3.5లు కలిస్తే సరిగ్గా 12 అవుతుందన్నది తడుతుంది. ఇరవై కడ్డీలతో పని పూర్తవుతుంది, నేల మీద తునక అన్నది మిగలదు. ఈ మందంలో ఒక్కో కడ్డీ దాదాపు 19 కిలోలు తూగుతుంది కనుక తేడా 76 కిలోలు. అయితే ఇదంతా నష్టమనడం న్యాయం కాదు; చివరి కడ్డీలో మిగిలిన 8.5 మీటర్లు ఇంకో పనికి నిక్షేపంగా పనికొస్తాయి. తక్కిన 39.5 మీటర్లు రెండు మీటర్లూ ఒకటిన్నర మీటర్ల తునకలుగా ఇనుప సామాను కొట్టు దారి పట్టవచ్చు, లేదా పాత మేస్త్రీ అయితే వాటిని ఒక మూల పేర్పించి, స్లాబులో పై వరస కడ్డీలను ఎత్తిపట్టే కుర్చీలకూ, స్తంభం మొదట్లో పాతే పొట్టి కడ్డీలకూ ఇంజనీరుకు చూపించి వాడుకోవచ్చు.

లెక్క ఎంత సులువుగా కనిపించినా, అది కోత మొదలయ్యేలోగా చేయవలసిన లెక్క. నిజమైన నక్షాలలో పొడవులు రెండు కాక పాతిక ఉంటాయి, 3.5 బదులు 3.47 ఉంటుంది, వంపులకు పోయే పొడవు, ఒక కడ్డీ మీద ఇంకొకటి పరిచే అతుకు పొడవు లెక్కలోకి వస్తాయి, పైగా పట్టిక మొత్తం ఒకేసారి మేస్త్రీ చేతికి అందదు. ఈ రోజు స్తంభాల పట్టిక, వారం తరువాత దూలాల పట్టిక అందే చోట ఎంతటి అనుభవశాలి అయినా రెండింటినీ కలిపి కోయలేడు. అప్పుడు మిగిలిన తునకల కుప్పను చూసి కార్మికుడిని నిందించడం యజమానులకు అలవాటు. నిజానికి ఆ కుప్ప నక్షాల గదిలో పుట్టింది.

ఏళ్ళు గడవడం వేరు

అనుభవం పనిని ఎలా మారుస్తుందన్నదానికి అంకెల రూపం మొదట ఇచ్చిన రంగం విమాన నిర్మాణం. అమెరికా ఇంజనీరు టి.పి. రైట్ 1936లో ప్రచురించిన వ్యాసంలో, తయారైన విమానాల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఇంచుమించు 20 శాతం తగ్గుతున్నదని చూపించాడు. మొదటిదానికి 100 గంటలు పడితే రెండోదానికి 80, నాలుగోదానికి 64, ఎనిమిదోదానికి 51. దీన్ని అభ్యాస వక్రం అంటారు. ఒకే నక్షాతో పది పదిహేను అంతస్తులు లేచే భవనంలో అంతస్తు వెంట అంతస్తుకు పని చురుకెక్కడం ఈ వక్రపు రూపమే.

సామగ్రి వృథా విషయంలో ఈ వక్రాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయడం పొరపాటు. కాలం తగ్గినట్టు వృథా తగ్గుతూనే పోదు. కడ్డీ పొడవు, టైలు కొలత, గది కొలత కలిసి దానికి ఒక అడుగు హద్దు గీస్తాయి. పైగా కాలానికీ వృథాకూ మధ్య పోటీ ఉన్నది. తునకను వెతికి వాడడానికి పట్టే సమయంలో కొత్త కడ్డీని కోసేయవచ్చు. వేగంగా పనిచేయడం నేర్చినవాడు పొదుపుగా చేయడం నేర్చినట్టు కాదు, కొన్నిసార్లు ఒకటి పెరిగేకొద్దీ ఇంకొకటి తగ్గుతుంది.

ఏ అనుభవం నైపుణ్యంగా మారుతుంది, ఏది ఉత్త అలవాటుగా గడ్డకడుతుంది అన్న ప్రశ్నపై మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసం ఇక్కడ పనికొస్తుంది. పరిసరాలలో ఒక క్రమం ఉండాలి, చేసిన పని ఫలితం చేసినవాడికి తొందరగా, స్పష్టంగా తెలియాలి. ఈ రెండూ ఉన్నచోటే ఏళ్ళ పని సహజమైన నేర్పుగా పరిణమిస్తుందని వారు తేల్చారు. ఈ గీటురాయి మీద పెడితే బార్ బెండింగ్ మేస్త్రీకి ఫలితం సాయంత్రానికల్లా తునకల కుప్పగా కనిపిస్తుంది. ఇటుక మేస్త్రీకి తన గోడ ఎంత పూతను మింగిందో ఎన్నటికీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా అర అంగుళం వంకరతో గోడలు కడుతున్నవాడికి ఆ వంకర ఖరీదు ఒక్కసారీ ఎవరూ చెప్పకపోతే, ఆ ఇరవై ఏళ్ళూ ఒకే సంవత్సరం ఇరవై మార్లు గడిచినట్టే.

కూలి లెక్క కట్టే పద్ధతి ఈ అంధత్వాన్ని ఇంకా పెంచుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో చిన్న అపార్ట్‌మెంట్లు, సొంత ఇళ్ళు ఎక్కువగా లేబర్ కాంట్రాక్టు మీద లేస్తాయి: సామగ్రి యజమానిది, శ్రమ మేస్త్రీది, చెల్లింపు చదరపు అడుగు లెక్కన. ఈ ఏర్పాటులో మేస్త్రీకి గంట విలువ తెలుస్తుంది గాని బస్తా విలువ అతని సంచిలోంచి పోదు. సామగ్రితో సహా గుత్తకు ఇస్తే అదే మనిషి ప్రతి బస్తానూ లెక్కపెడతాడు. అయితే అప్పుడు వృథా తగ్గడంతో పాటు మాలులో సిమెంటు కూడా తగ్గే ప్రమాదం పొంచి ఉంటుంది. రెండు పద్ధతులలోనూ మనిషి అనుభవం ఒకటే, అది పనిచేసే దిక్కు మాత్రం వేరు. వృథా తగ్గించడానికి శిక్షణ ఒక్కటే మందని చెప్పేవారు ఈ సంగతిని తరచూ దాటవేస్తారు.

పాత నేర్పు కొత్త సామగ్రికి ఎదురు తిరిగే సందర్భాలూ ఉన్నాయి. ఎర్ర ఇటుక స్థానంలో వాడకానికి వచ్చిన ఏఏసీ దిమ్మె, అంటే సిమెంటు, సున్నం, బూడిద వంటివాటికి అల్యూమినియం పొడి చేర్చి లోపల గాలి బుడగలు పుట్టించి ఆవిరి ఒత్తిడిలో ఉడికించిన తేలిక దిమ్మె, ఇందుకు మంచి ఉదాహరణ. ఎర్ర ఇటుక మేస్త్రీ సగం ఇటుక కావలసి వచ్చినప్పుడు దాన్ని ఎడమచేత పట్టుకొని తాపీ అంచుతో ఒక్క దెబ్బ కొడతాడు. ఏళ్ళ సాధన ఉన్న చేతిలో అది కోరిన చోట విరుగుతుంది. అదే దెబ్బ ఏఏసీ దిమ్మె మీద పడితే మూల రాలిపోతుంది లేదా దిమ్మె అడ్డదిడ్డంగా పగులుతుంది. దాన్ని రంపంతో కోయాలి. ఇటుకల మధ్య వేలెడు మందాన మాలు పరవడం అలవాటైన చేతికి, మూడు మిల్లీమీటర్ల పల్చని అతుకు జిగురు చాలన్న మాట నమ్మశక్యంగా ఉండదు. అతను జిగురును కూడా మాలులాగే పరుస్తాడు, బస్తా మీద రాసిన వైశాల్యంలో మూడో వంతుకే సరుకు అయిపోతుంది. ఇటుక పని అసలు తెలియని కుర్రవాడు ఈ దిమ్మె పనిని రంపంతోనే నేర్చుకుంటాడు కనుక మొదటి నెలలలో అతని చేతిలో తక్కువ విరగడం విడ్డూరం కాదు. ఇక్కడ అనుభవశాలికి కావలసింది కొత్త విద్య కంటే ముందు పాత దెబ్బను మానుకోవడం.

అనుభవం ఒక్క మనిషి సొత్తుగా కాక జట్టు సొత్తుగా ఉండడం మరొక విశేషం. పాలమూరు నుంచి వలస వెళ్ళి దేశంలో అనేక ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర పనిచేసిన కూలీలు గుంపు మేస్త్రీల కింద ఊళ్ళకు ఊళ్ళుగా కదిలేవారు. ఆ ఏర్పాటులో ముందస్తు అప్పుల పీడన ఎంతో ఉన్నది, దాన్ని ఆదర్శంగా చూపడం అన్యాయం. కాని ఒకరి చేతి వేగం ఇంకొకరికి తెలిసిన మనుషులు ఏళ్ళ పాటు కలిసి పనిచేయడం అందులో ఉండేది. నేటి నగర నిర్మాణ స్థలాలలో ఒడిశా, బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన జట్లు పండుగకో పంటకో ఊరికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు మరో స్థలానికి చేరుతాయి. 2020 లాక్‌డౌన్ ఈ పరిస్థితిని దేశమంతటికీ చూపించింది: ఆ ఏడాది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరిన తొలి శ్రామిక్ ప్రత్యేక రైలులో దాదాపు 1,200 మంది వెళ్ళారు, వారిలో ఎక్కువ మంది సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవారు. ఇలా జట్టు వెళ్ళిపోయినప్పుడు పోయేది చేతులు మాత్రమే కాదు. ఏ మూల తునకలు పేర్చారో, మూడో అంతస్తులో ఏ దూలం పెట్టె ఉబ్బి కాంక్రీటు ఎక్కువ పట్టిందో, ఏ బట్టీ ఇటుక పరిమాణంలో హెచ్చుతగ్గులున్నాయో, అదంతా కాగితం మీద లేని జ్ఞాపకం, అదీ వారితోనే రైలెక్కుతుంది. కొత్తగా దిగిన జట్టు అభ్యాస వక్రాన్ని మళ్ళీ పైనుంచి దిగాలి.

పని తీరులో ఇమిడిన అనుభవం

ఈ జ్ఞాపకాన్ని మనిషిలోంచి తీసి పని ఏర్పాటులో అమర్చవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో 1885లో ఇటుక పని నేర్చుకోవడానికి చేరిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఒక ఇటుక పేర్చడానికి మేస్త్రీలు చేసే పద్దెనిమిది కదలికలను అయిదుకు తగ్గించినట్టు ఫ్రెడరిక్ టేలర్ 1911 నాటి పుస్తకంలో వివరించాడు. గంటకు 120గా ఉన్న ఇటుకల సంఖ్య 350కి చేరిందన్న అంకె అందరి నోటా నానింది గాని, సామగ్రి వైపు నుంచి చూసేవారికి అంతకంటే ముఖ్యమైనవి ఆయన చేసిన రెండు చిన్న మార్పులు. ఇటుకలను మేస్త్రీ దగ్గరికి చేర్చకముందే సహాయకులు చూసి, మంచి అంచు పైకి ఉండేలా చట్రంలో పేర్చేవారు. దానితో మేస్త్రీ చేతిలో ఇటుకను తిప్పి చూసుకోనక్కరలేకపోయింది. మాలును సరైన చిక్కదనంలో కలిపించడంతో, ఇటుకను తాపీతో తట్టి దించడానికి బదులు చేత్తో నొక్కితే సరిపోయింది. ఇటుకను సరిగ్గా కూర్చోబెట్టే నేర్పు మేస్త్రీ మణికట్టులోంచి మాలు కలిపే గుంటలోకి జరిగిందన్నమాట.

హైదరాబాదు పడమటి శివార్లలో లేస్తున్న ఎత్తైన భవనాలలో ఈ జరుగుడు ఇంకా దూరం పోయింది. అల్యూమినియం పలకల పెట్టెలలో గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోసే పద్ధతిలో, వాడుకలో మైవాన్ అని పిలిచేదానిలో, గోడ నిలువుదనం పలక నిర్ణయిస్తుంది. ఇటుక లేదు, వంకర కప్పే పూత కూడా చాలావరకు లేదు. కాంక్రీటును కర్మాగారంలో కలిపి లారీలలో తెప్పించడంతో స్థలంలో ఇసుక, కంకర చిందడం తగ్గింది. మాలు దండగ ఈ పద్ధతిలో నిజంగానే మాయమవుతుంది, ఆ మేరకు దీన్ని మెచ్చుకోవలసిందే.

అయినా చివరి లారీ దగ్గర మనిషి మళ్ళీ అవసరమవుతాడు. స్లాబు పోతలో ఇంకా ఎంత కాంక్రీటు కావాలో ఆఖరి గంటలో తేల్చవలసి ఉంటుంది. నూరు చదరపు మీటర్ల స్లాబు అనుకున్నదానికంటే సగటున ఒక సెంటీమీటరు మందం పెరిగినా ఒక ఘనపు మీటరు కాంక్రీటు అదనంగా లాగేస్తుంది. నక్షా చూసి ఆర్డరు పెట్టినవాడికి అది తెలియదు. పాత మేస్త్రీ పోయని భాగాన్ని టేపుతో కొలిచి, అప్పటిదాకా పోసిన చోట మందం ఎంత వచ్చిందో ఇనుప పుల్ల గుచ్చి చూసి, ఆ మందంతోనే గుణించి, నిండు లారీ బదులు సగం పంపమని ప్లాంటుకు ఫోను చేయిస్తాడు. మిగిలితే వాడడానికి మెట్ల కింది పలకల పెట్టెనో, కిటికీ పైకప్పు పెట్టెనో పక్కన సిద్ధం చేయించి ఉంచుతాడు, ఎందుకంటే డ్రమ్ములో తిరుగుతున్న కాంక్రీటుకు గడువు గంటల లెక్కే.

ఉక్కును యార్డులో కంప్యూటరు లెక్క ప్రకారం కోసి, వంచి, చీటీ కట్టి పంపే పద్ధతి కూడా పెద్ద ప్రాజెక్టులలోకి వచ్చింది. కాంటరోవిచ్, గిల్మోర్, గోమొరీల గణితం అక్కడ ప్రతి కట్టలోనూ పనిచేస్తుంది, నక్షాలన్నీ ముందే తయారై ఉండాలన్న క్రమశిక్షణను కూడా అది తెచ్చిపెడుతుంది. స్థలంలో కడ్డీలను అల్లి బైండింగ్ వైరుతో కట్టే పని మాత్రమే మిగలడంతో, సుద్దతో నేల మీద లెక్క వేసే మేస్త్రీలు తయారయ్యే చోటు మాత్రం కరువవుతున్నది. హైదరాబాదులో 1998లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ వంటి సంస్థలు తాపీ, బార్ బెండింగ్ వంటి పనులలో శిక్షణ ఇస్తున్నాయి. అయితే తరగతిలో దొరికే కడ్డీ తునకలకు, తరువాతి నెలలో రాబోయే దూలానికి మధ్య సంబంధం కట్టి చూపడం నిజమైన స్థలంలో తప్ప వీలుకాదు.

నక్షా నడిమధ్యలో మారినప్పుడు ఈ లోటు బయటపడుతుంది. పార్కింగు కోసం ఒక స్తంభాన్ని జరిపారనుకుంటే, దానికోసం కోసి వంచి తెచ్చిన కట్టలు చీటీలతో సహా పనికిరాకుండా పడి ఉంటాయి. యార్డు కంప్యూటరుకు అవి పంపేసిన సరుకు, లెక్క ముగిసిపోయింది. స్టోరు రిజిస్టరులో అవి తుక్కు కింద ఎక్కుతాయి. ఆ కొలతలు చూసి, వచ్చే వేసవిలో కట్టబోయే ప్రహరీగోడ పునాది స్తంభాలకు అవి సరిపోతాయేమో ఇంజనీరును అడిగి ఖాయం చేసుకొని, తుప్పు పట్టకుండా దుంగల మీద పేర్పించి, పట్టా కప్పించగలవాడు ఆ స్థలంలో మొదటి నుంచీ ఉన్న బార్ బెండింగ్ మేస్త్రీ ఒక్కడే, అదీ అప్పటికి అతని కాంట్రాక్టు ముగిసిపోకుండా ఉంటే.